పొయ్యెక్కిన ఉగాది పచ్చడి

ప్లాస్టిక్ చెంచాల మీద నాకో చిన్న ఫిర్యాదుంది. మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు పండగ పండగకీ సెల్లార్‌లో బల్ల వేసి, బొటనవేలంత కాగితపు కప్పులో ఏదో ఒకటి పోసి, అందులో ఒక చెంచా గుచ్చి ఇస్తారు. ఆ చెంచా నోటిదాకా వచ్చేలోపు వంగుతుంది. వంగకపోతే విరుగుతుంది. పోయిన ఉగాదికి నాది విరిగింది. సెక్రటరీ గారు మర్యాదస్తుడు, వెంటనే ఇంకొకటి ఇచ్చారు. అదీ విరిగింది.

ఇందులో పెద్ద బాధేమీ లేదు. అయితే కప్పులో ఉన్నది ఉగాది పచ్చడి. దాన్ని తాగాలో తినాలో తేల్చుకోలేకే ఆయన చెంచా పెట్టారని నాకు అర్థమైంది. సరిగ్గా ఆ సంగతి తేలకనే ఒకప్పుడు ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శిక్షణ కేంద్రం మూతపడబోయింది. ఆ వంటింట్లో నేను ఉద్యోగం చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందేమోనని రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. ఒకదాని గురించి రాయక తప్పదు, అది వచ్చినప్పుడు చూద్దాం.

మా పని

నేను హోమ్ సైన్స్ చదివాను. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలను హాస్టల్లో ఉంచి, శిక్షణ ఇచ్చి, గ్రామసేవికలుగా పంపించడం మా పని. వాళ్ళు ఊళ్ళకు వెళ్ళి బాలింతలకు ఏం పెట్టాలో, పిల్లలకు ఏం వండాలో చెప్పాలి. సూటిగా చెప్పాలంటే, చిన్నప్పటి నుంచీ వండుతున్న ఆడవాళ్ళకు వంట నేర్పమని, పొయ్యి ముట్టించడం రాని నాకు ప్రభుత్వం జీతం ఇచ్చింది.

మలక్‌పేటలో మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు, చదువు పాడవుతుందని. ఎండలు ముదరకముందు ఆమె చేసే చింతచిగురు పప్పు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఎందుకు బాగుంటుందో తెలియదు. ఈనెలు తీసేసి, చిగురును రెండు అరచేతుల మధ్య నలిపి వేస్తారని, నలపకపోతే పులుపు పప్పులోకి దిగదని నాకు చెప్పింది మా ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మి గారు. చెప్పడం కాదు, నా చేతులు పట్టుకుని నలిపించారు. కాలేజీలో అయిదు రకాల పోషకాల గురించి మూడు పుస్తకాలు చదివిన దాన్ని. చిగురు నలపడం గురించి ఒక్క దాంట్లోనూ లేదు.

రాజ్యలక్ష్మి గారిది తెనాలి వైపు. ఆమె గొంతు మనిషి కంటే ముందే గదిలోకి వచ్చేది. ఉద్యోగంలో నేను చూసిన పై అధికారులందరిలోకీ నేను మనసారా మెచ్చుకున్నది ఆమెనే. మిగతావాళ్ళను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మెచ్చుకున్నాను.

ఆవరణ చుట్టూ ఒక చుట్టు

ఆమె పద్ధతి ఒకటుండేది. తెల్లారగానే చెప్పులేసుకుని ఆవరణంతా ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. మునగచెట్టు కింద నిలబడి పైకి చూసేవారు. రాలిన మామిడి పిందెను తీసి గోటితో గిచ్చి, లోపల టెంక కట్టిందో లేదో చూసేవారు. కట్టకపోతే అది పప్పులోకి. గోడ అవతల చింతచెట్టు ఎంత ఎరుపెక్కిందో చూసేవారు. ఆ తర్వాతే వంటింట్లో నల్లబల్ల మీద ఆ పూట ఏం వండాలో రాసేవారు. తిరగకముందు ఒక్క అక్షరం రాసేవారు కాదు.

శాఖ నుంచి మాకు ఒక భోజనాల చార్టు వచ్చేది. అందులో నడివేసవిలో కూడా క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ ఉండేవి. రాజ్యలక్ష్మి గారు ఆ చార్టును చాలా గౌరవించారు. పొగా ఆవిరీ తగిలి పాడవకుండా, వంటింటికి దూరంగా, స్నానాల గదుల దారిలో గోడకు తగిలించారు.

మీకూ చార్టులు వస్తాయి. ఇప్పుడు ఫోన్లో వస్తాయట. చదవండి, తప్పులేదు. చదివాక ఒకసారి బయటికి వెళ్ళి రండి.

ఆ చుట్టు తిరగడం వల్ల మాకు తిండిలో ఒక వరస ఏర్పడింది. మాఘమాసం పోతూ పోతూ మునగపువ్వు ఇచ్చేది. ఉల్లిపాయతో వేపితే పొయ్యి దింపేలోపే సగానికి తగ్గిపోతుంది, అందుకని వడ్డనలో ఎప్పుడూ తగాదా. దాని తర్వాత చింతచిగురు. దాని వెనకే పిందెలు, వేపపువ్వు. అప్పుడే కొత్త చింతపండు వచ్చేది. పాతదానిలా నల్లగా ఉండదు, నీళ్ళలో పిసికితే లేత గోధుమరంగు రసం వస్తుంది. ఈ రంగు గుర్తు పెట్టుకోండి, ముందు పని ఉంది.

ఆమెలో ఒక లోపం కూడా చెప్పాలి. ఏ గిన్నెలో ఏముందో ఎవరినీ అడిగేవారు కాదు. చూసి చెప్పేసేవారు. దాదాపు ఎప్పుడూ ఆమె చెప్పిందే నిజమయ్యేది. చిక్కంతా అందులోనే ఉంది.

రెండో పొయ్యి

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి చివర. సిటీ బస్సు అక్కడ కాస్త ఆలోచించి వెనక్కి తిరిగేది. విజయవాడ రోడ్డు మీద ముందుకు పోతే, ఇప్పుడు ఎల్బీనగర్ ఫ్లైఓవర్లున్న చోట ద్రాక్షతోటలు, పొలాలు. ఆ ఏడు బస్సు కూడా రావడం మానేసింది. కాలేజీలు మూసేశారు. రోడ్డు మీద రాళ్ళు, నినాదాలు, బంద్‌లు. మా వంటమనిషిది గుంటూరు జిల్లా. ఒకరోజు పొద్దున సంచి సర్దుకుని, పోపుల పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మా హాస్టల్లో తెలంగాణ, కోస్తా రెండు వైపుల అమ్మాయిలూ ఉండేవారు. మొదట వేరువేరు వరసల్లో కూర్చున్నారు. తర్వాత వేరువేరు వేళల్లో తిన్నారు. ఆ తర్వాత తెలంగాణ అమ్మాయిలు ప్రిన్సిపాల్ గదికి వచ్చి తమకు వేరే పొయ్యి కావాలన్నారు. అందరి తరఫునా మాట్లాడింది రూతమ్మ.

రూతమ్మ నాన్న ద్రాక్షతోటలో కాపలా, అమ్మ అక్కడే కూలి. క్రైస్తవులు. ఆ ఇంట్లో బడి దాటి చదివింది ఈ పిల్లే. శిక్షణ పూర్తయి సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం ఖాయం. రాకపోతే మళ్ళీ తోటలో గంప ఎత్తాలి. అది తెలిసీ అందరికంటే ముందు నిలబడేది. తమకు వచ్చే చిన్న ఉద్యోగాలే కాదు, తమను నడిపే ప్రిన్సిపాల్ లాంటి ఉద్యోగాలు కూడా స్థానికులకే రావాలన్నది ఆమె వాదం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనూ స్థానికురాలినే. ఆమె నా వైపు చూసి ఆ మాట అన్నప్పుడు నేను కిటికీలోంచి మునగచెట్టును చూశాను.

శాఖ నుంచి అప్పటికే మాట వచ్చింది. పిల్లలు గొడవపడినా, గొడవ గేటు దాటినా, కేంద్రం మూసి అందరినీ ఇళ్ళకు పంపేస్తారు. పరీక్ష ఉండదు. రాజ్యలక్ష్మి గారు ఆ సంగతి దాచకుండా అమ్మాయిలకు చెప్పారు. రెండో పొయ్యి గురించి మాత్రం, ఉన్న కట్టెలు ఒక పొయ్యికే చాలడం లేదని అన్నారు. అది నిజమే. అయితే అది జవాబు కాదని గదిలో అందరికీ తెలుసు.

ఉగాది పొద్దున

ఉగాదికి ముందు నుంచీ బంద్. దుకాణాల్లేవు, కూరగాయల్లేవు. అయినా పచ్చడికి కావలసినవన్నీ దొరికాయి, ఎందుకంటే అవి దుకాణాల్లో పుట్టవు. వేపపువ్వు మా వెనక చెట్టుది. పిందెలు మా ఆవరణవి. కొత్త చింతపండు, బెల్లం రూతమ్మ అమ్మ పంపింది.

అంతకుముందు దాకా ఉగాదితో రూతమ్మకు ఏ సంబంధమూ లేదు. వాళ్ళకవి శ్రమదినాలు, ఈస్టర్ ముందు ఉపవాసాలుండే రోజులు. కానీ ఆ ఏడు పచ్చడి పండగది కాదు, ప్రాంతానిది. మా తెలంగాణలో దాన్ని పల్చగా, కొత్త కుండలో కలిపి, గ్లాసుల్లో పోసుకుని తాగుతాం. కోస్తా వాళ్ళు చిక్కగా చేసి అరచేతిలో కాస్త పెట్టుకుని నాకుతారు. మా పద్ధతిలో చేసి తీరాలని రూతమ్మ పట్టుబట్టి, తానే తెల్లారకముందు కుండ నింపింది. చింతపండు రసం, బెల్లం, మామిడి ముక్కలు, పైన తేలుతూ వేపపువ్వు. పుట్నాలు, ద్రాక్షపళ్ళు తాగే ముందు వేద్దామని పక్కన ఉంచి, అందరూ స్నానాలకు వెళ్ళారు.

వేరే ఎవరైనా ఆ కుండ పెట్టి ఉంటే మెడకు పసుపుకొమ్ము కట్టేవారు. కట్టి ఉంటే రాజ్యలక్ష్మి గారు పోల్చుకునేవారు. రూతమ్మ ఇంట్లో కుండలకు పసుపుకొమ్ములు కట్టరు. తాగే ఉగాది పచ్చడి ఒకటి ఉంటుందని తెనాలిలో ఎవరూ చెప్పరు. ఇద్దరిదీ తప్పు కాదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో పుట్టి ఉంటే ఈ సంగతి జరిగేదే కాదు.

రాజ్యలక్ష్మి గారు తన చుట్టు ముగించుకుని వంటింట్లోకి వచ్చారు. వంటమనిషి లేడు, పండగపూట పిల్లలకు సాయం చేద్దామనుకున్నారు. కుండ చూశారు. లేత గోధుమరంగు రసం, మామిడి ముక్కలు, వేపపువ్వు. చారుకు అన్నీ అమర్చి పెట్టుకున్నారు, బుద్ధిమంతులు అనుకున్నారు. పొయ్యి మీద పెట్టి, పప్పుకట్టు పోసి, ఉప్పు వేసి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో ఘనంగా పోపు పెట్టారు. నేను వెళ్ళేసరికి కుండ తెర్లుతోంది. వాసన, నిజం చెప్పాలంటే, అద్భుతంగా ఉంది.

తెలంగాణ అమ్మాయిలు తడిజుట్టుతో, చేతుల్లో గ్లాసులతో వచ్చారు. రూతమ్మ కుండలోకి చూసింది.

"ఎవలు పెట్టిండ్రు దీన్ని పొయ్యి మీద?"

"నేనేనమ్మా," అన్నారు రాజ్యలక్ష్మి గారు. "చారుకని తీసి పెట్టారనుకున్నాను. కాదా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వెనక నుంచి ఒక కోస్తా అమ్మాయి నవ్వింది. ఇంకో ఇద్దరు కలిశారు. రూతమ్మ గ్లాసు బోర్లించి గట్టు మీద పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. అందరూ వెళ్ళి వేపచెట్టు కింద కూర్చున్నారు. కాసేపట్లో రోడ్డు మీద విద్యార్థుల ఊరేగింపు వస్తుంది. ఆంధ్ర ప్రిన్సిపాల్ మన ఉగాది పచ్చడి ఉడకబెట్టిందని గేటు దగ్గర వాళ్ళకు చెబుతామన్నారు. చెబితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. సర్టిఫికెట్ పోతుందని అందరికంటే బాగా రూతమ్మకే తెలుసు. ముందుగా ఆ మాట అన్నది కూడా ఆమే.

స్థానికురాలినని రాజ్యలక్ష్మి గారు నన్ను మాట్లాడమన్నారు. నేను వెళ్ళి చాలా మంచి మాటలు చెప్పాను. ఒక్కటీ పనిచేయలేదు. వేపచెట్టు కాస్త నయం, అది మధ్యమధ్య పువ్వులు రాల్చింది.

అప్పుడు రాజ్యలక్ష్మి గారు వచ్చి వాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నారు. అది ఎలా చేస్తారో చెప్పమని రూతమ్మను అడిగారు. క్షమించమని అనలేదు, అలవాటు లేదు. నేర్పమని అడిగారు.

"ఏంతోని చేసుడు మేడమ్? చింతపండు, బెల్లం అంత చారైంది గద," అంది రూతమ్మ.

"మీ అమ్మగారి దగ్గర ఇంకా ఉంటుందా?"

"ఉంటది. నేను పోయి తెస్త."

"పాడుచేసింది నేను. నేనూ వస్తాను."

రూతమ్మ ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగి, తాను వచ్చేదాకా ఎవరూ గేటు దగ్గరికి పోవద్దని చెప్పింది.

మాట రాని మనిషి

ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద గుంటూరు మాట వినిపిస్తే ఏమవుతుందో కచ్చితంగా చెప్పలేం. చాలాసార్లు ఏమీ కాదు. ఏమైనా అయిన రోజులూ ఉన్నాయి. గేటు దాటగానే రూతమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"మేడమ్, తొవ్వల మీరు మాట్లాడకుండ్రి. మీరు నోరు తెరిస్తే తెల్సిపోతది."

ముగ్గురం నడిచాం. నేను వాళ్ళ వెనక. రాజ్యలక్ష్మి గారు మాట్లాడకుండా అంత దూరం నడవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. దారిలో చింతచెట్లు కనిపించినప్పుడల్లా ఆమె నా వైపు తిరిగి చిగురు చూపించేవారు, ఏదో చెప్పబోయేవారు, రూతమ్మ వైపు చూసి ఊరుకునేవారు.

తోటలు మొదలయ్యే చోట రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు పెట్టి కొందరు కుర్రాళ్ళు కూర్చున్నారు. ఎక్కడికని అడిగారు. తోటకని, తమ ఇల్లు అక్కడేనని రూతమ్మ చెప్పింది. ఒకతను రాజ్యలక్ష్మి గారి ముందు నిలబడ్డాడు. ఆమె కట్టిన చీర తీరు అతనికి నచ్చినట్టు లేదు.

"అమ్మా, మీది ఏ ఊరు?"

ఆ ఏడు అందరూ అందరినీ అడిగిన ప్రశ్న అది. నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోపే రూతమ్మ అందుకుంది.

"మా మేనత్త. మాటలు రావు. పుట్టుమూగ."

కుర్రాడి ముఖం మారిపోయింది. పాపం అన్నాడు. ఎండలో ఎందుకు నడిపిస్తున్నావని రూతమ్మను మందలించి, తన దగ్గరున్న మట్టికూజాలోంచి నీళ్ళు పోసి ఇచ్చాడు. రాజ్యలక్ష్మి గారు తాగి, చెయ్యెత్తి దీవించారు. ఆ దీవెన చాలా నిజంగా ఉంది. మంచి నీళ్ళు ఇచ్చిన ఎవరినైనా ఆమె అలాగే దీవించేవారు.

తోటలో గుడిసె ముందు రూతమ్మ అమ్మ ద్రాక్షగుత్తులు ఏరుతోంది. ఈమె ఎవరని కూతుర్ని అడిగింది. అప్పుడు రాజ్యలక్ష్మి గారి గొంతు, అంతసేపూ ఆగినదంతా కలుపుకుని, తోట అవతలి గట్టుదాకా వినిపించింది.

"వదినా, మీ పిల్ల నన్ను మూగదాన్ని చేసింది. మంచినీళ్ళు తర్వాత, ముందు కాస్త చింతపండు ఇవ్వండి."

సంగతంతా విని ఆ తల్లి పొట్ట పట్టుకుని నవ్వింది. చింతపండు, బెల్లం, గంపెడు ద్రాక్షపళ్ళు ఇచ్చింది. తర్వాత కూతురి చెవి మెలిపెట్టి, మేడమ్‌ను మూగదనడం తప్పని తిట్టింది. తిరుగుదారిలో అత్త మళ్ళీ మూగబోయింది. అదే కుర్రాడు గంప కాస్త దూరం మోసిపెట్టాడు.

మేం వచ్చేసరికి ఊరేగింపు వచ్చి వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు. అమ్మాయిలు చెట్టు కింద కూర్చున్న చోటే ఉన్నారు.

పచ్చడి మళ్ళీ కలిపారు. రాజ్యలక్ష్మి గారు పక్కన కూర్చుని, రూతమ్మ ఏది ఎంత వేస్తుందో చూసి, తన చేత్తో గ్లాసుల్లో పోశారు. కోస్తా అమ్మాయిలనూ పిలిచారు. పొద్దున నవ్విన పిల్ల అలవాటు కొద్దీ గ్లాసు తీసుకోకుండా అరచెయ్యి చాపింది. రూతమ్మ ఒక గ్లాసు తీసి ఆ అరచేతిలోనే పోసింది. పచ్చడి మోచేతి మీదుగా కారి పరికిణీ తడిసింది. ఈసారి రెండు వైపులవాళ్ళూ నవ్వారు. ముందుగా నవ్వింది ఆ పిల్లే.

ఇక చారు. పారబోయడానికి మనసు రాలేదు, కూరగాయలా లేవు. మధ్యాహ్నం అందరం అన్నంలో పోసుకున్నాం. ముందు పులుపు, వెనక తీపి, మింగాక నాలుక మీద సన్నగా వేపపువ్వు చేదు, వీటన్నిటి మీదా వెల్లుల్లి పోపు. నేను తిన్న మంచి చారుల్లో అదొకటి. ఇప్పటికీ ఏటా చేసుకుంటాను. రాజ్యలక్ష్మి గారు మాత్రం ఒక ముద్ద తిని, బెల్లం కాస్త ఎక్కువైందన్నారు.

రెండో పొయ్యి అర్జీని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ పొయ్యిని ఎవరూ ముట్టించనూ లేదు. వేరువేరు వరసలు అలాగే ఉన్నాయి. ఒక కుండ చారుతో అన్నీ సర్దుకున్నాయని నేను రాయను, మీరు నమ్మవద్దు. పరీక్ష జరిగింది, అంతే. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు.

ప్రాక్టికల్స్‌లో రుతువుకు తగిన వంట చేయమంటే రూతమ్మ ఆ చారే చేసింది, బెల్లం తగ్గించి. పరీక్షకు వచ్చినావిడ రెండోసారి పోయించుకుని, ఇది ఏ ప్రాంతపు వంటని అడిగారు. ఈ హాస్టల్‌దని చెప్పింది. సర్టిఫికెట్ వచ్చింది. హయత్‌నగర్ వైపు ఉద్యోగం కూడా వచ్చింది.

కుర్చీ

కొన్నాళ్ళకు స్థానికులు కానివాళ్ళను వాళ్ళ జిల్లాలకు పంపే ఉత్తర్వుల్లో రాజ్యలక్ష్మి గారి పేరు వచ్చింది. ఆ కుర్చీలోకి నా పేరు వచ్చింది. నేను రాయక తప్పదన్న ప్రమోషన్ ఇదే. రిటైరయ్యేదాకా రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగాను. నాకంటూ వేరే పద్ధతి ఏదీ తోచలేదు.

ఆమె వెళ్ళే రోజు చింతచిగురు పప్పు చేశాం. ఆ ఏటికి అదే ఆఖరి చిగురు, కాస్త ముదిరింది. రూతమ్మ ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది, ఆ పూట వడ్డించడానికే వచ్చింది. చిగురు తనే నలిపింది. నేలమీద బంతిలో కూర్చున్న రాజ్యలక్ష్మి గారు పప్పు కలుపుకుంటూ, చిన్నపిల్లను ఆటపట్టించినట్టు అడిగారు.

"ఏమే కోడలా, ఆ రోజు నడిరోడ్డు మీద మేనత్తనని చెప్పావు. ఇప్పుడు వెళ్ళిపోతుంటే, ఉండమని ఒక్క మాటైనా అనవేం?"

బంతిలో చేతులు ఆగాయి. రూతమ్మ వంగి, ఆమె విస్తట్లో ఇంకో గరిటెడు పప్పు వేసింది. దాని మీద నెయ్యి కూడా వేసింది.

"మీరు మంచోల్లే మేడమ్. గానీ గా కుర్చీ మాది. మీరు పోవాలె."